ఎర్ర రంగు వేసిన చోటు

సిత్నాక్,
మార్చి 12, 1997

లూషా తల్లికి మత్రోనా అత్త దీవెనలు.

నువ్వు పంపిన కళ్ళజోడు శుక్రవారం విమానంలో వచ్చింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కుతోంది. పక్కింటి స్టెపనీదా మూతి మీద మీసాలు కూడా కనిపిస్తున్నాయి. ఆ రెండోది చూడకుండా ఉంటేనే బాగుండేది.

సోమవారం నుంచి ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యాయి. తొంభై నిండిన మనిషికి ఉపవాసం అక్కర్లేదని పాదిరిగారు పోయినేడే మీ నానమ్మకి చెప్పారు. వింటుందా? "నేను ముసలిదాన్నయ్యానని దేవుడికి ఎవరు చెప్పారు, ఆయనేనా?" అంది. ఏడు వారాలూ మాంసం లేదు, చేప లేదు, పాలూ గుడ్లూ లేవు. ఆల్చిప్పలకి నెత్తురు లేదు కాబట్టి అవొక్కటే తినొచ్చు. అవి కూడా వెనకిల్లని మనం పిలుచుకునే చోటువైతేనే ఆవిడకి గొంతు దిగుతాయి. సముద్రం బాగా వెనక్కి తీసిందని సోమవారమే వెళ్ళి బకెట్ నిండా తవ్వి తెచ్చాను.

దారిలో స్టెపనీదా ఎదురైంది. "ఏం దొరికింది మత్రోనా?" అంది. "ఏముంటుందమ్మా, నాచు" అన్నాను. ఆవిడ బకెట్లో కూడా పైన నాచే ఉంది. ఒకరి నాచుని ఒకరం మెచ్చుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వచ్చేశాం.

ఈ వేసవికి తప్పకుండా రా. మన ఇళ్ళలో ఆడపిల్లకి పన్నెండు నిండాక గానీ ఆల్చిప్పలు తవ్వే చోటు చూపించరు. నువ్వు తొమ్మిదో ఏటే పట్నం బడికి వెళ్ళిపోయావు, నీకు వెనకిల్లు చూపించడం కుదరనే లేదు. ఇప్పుడు నీకు ముప్పై అయిదు. నోరు మూసుకోవడం ఈపాటికి వచ్చే ఉంటుంది. తీసుకెళ్తాను.

మీ అత్త,
మత్రోనా


పట్నం,
మార్చి 18

అత్తా,

రెండు రోజులుగా ఫోను చేస్తూనే ఉన్నాను. మీ ఊళ్ళో ఉన్న ఆ ఒక్క ఫోనునీ పత్రికలవాళ్ళు వదలడం లేదు. అందుకే ఉత్తరం.

ఆదివారం గాలివానలో ముడి నూనె మోసే ఓడ ఒకటి దీవుల అవతల రాతి మీదికెక్కింది. రెండు తొట్లు చీలిపోయాయి. గాలి మీ వైపు వీస్తోంది. దాచి లాభం లేదు, శుక్రవారానికి నూనె మీ తీరానికి వస్తుంది.

మేమందరం ఇక్కడ బడి వ్యాయామశాలలో ఉన్నాం. తీర రక్షకులు, మా చేపల శాఖ, పక్షుల శాఖ, నీళ్ళ శాఖ, ఓడ కంపెనీ మనుషులు, అందరికీ ఒకటే బల్ల. ఎవరు ఎవరో తెలియడానికి రంగురంగుల చొక్కాలు తొడిగారు. ఏ పనికైనా కాగితం, ప్రతి కాగితానికీ మూడు సంతకాలు. నీకు చూపిస్తే నవ్వుతావు. కానీ ఎవరూ రెండు గంటలకి మించి నిద్రపోలేదత్తా, నిజం.

గోడ మీద పెద్ద మ్యాపు ఉంది. అందులో ఎర్ర రంగు వేసిన చోట్లని ముందు కాపాడాలి. నీటి మీద తేలే పొడుగాటి కంచెని, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే గండికి అడ్డంగా కడితే నూనె లోపలికి రాదు. ఆ కంచెలు ఇక్కడ సరిపోయినన్ని లేవు. మీ వైపుకి ఒక్కటే మిగిలింది. పక్షుల శాఖ ఆయన వంకర నోరనే గండికి అవతల ఉన్న పేరులేని చిన్న గండికి కట్టాలన్నాడు, అక్కడ బాతులు ఎక్కువ దిగుతున్నాయట. అప్పుడు నేను లేచాను. "వంకర నోరు మా ఇంటి చోటు. మా నానమ్మ తినేవి అక్కడివే. ఏడేళ్ళ క్రితం మా అత్త తన నోటితో చెబితే నేనే రాసుకున్నాను" అన్నాను. ఇరవై మంది ఎదుట అదే మాట రెండుసార్లు అన్నాను. మా పైఅధికారి గ్రీర్ గారు సంతకం పెట్టారు.

నీ వెనకిల్లు పోదు. నానమ్మతో చెప్పు.

నీ లూషా


సిత్నాక్,
మార్చి 22

లుకేరియాకి (ఇవాళ లూషా అనబుద్ధి కావడం లేదు),

నాలుగు రోజులుగా విమానం లేదు. ఈ ఉత్తరం పట్నం వెళ్ళే పడవవాళ్ళ చేతికిస్తున్నాను, ఎప్పుడు చేరుతుందో తెలియదు, కానీ రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

గురువారం రెండు పడవల్లో మీ వాళ్ళొచ్చారు. వంకర నోటికి అడ్డంగా నారింజ రంగు కంచె కట్టారు. పన్నెండు మంది దానికి కాపలా. దేనికి కాపలా? అక్కడేముంది, బురద! ఆ ఒడ్డున పట్నం ఆసామి కట్టుకున్న వేట బంగళా ఒకటుంది కదా, ఆయన మెట్లకి జిడ్డు అంటకూడదనా? ఆయన మీ ఆఫీసులో ఎవరికి చుట్టమో కనుక్కో.

నూనె వెనకింట్లోకి వచ్చింది. నిన్న పొద్దున వెళ్ళాను. సముద్రం వెనక్కి తీశాక అక్కడ అడుగేస్తే ఆల్చిప్పలు ఇసుకలోంచి నీళ్ళు చిమ్ముతాయి. చిన్నప్పటినుంచీ అక్కడికెళ్ళి పావడా తడవకుండా ఇంటికొచ్చిన రోజు లేదు. నిన్న తడవలేదు. ఆ చివర దాకా నడిచాను, ఒక్కటి కూడా చిమ్మలేదు. పావడా అంచుకి నల్లగా జిడ్డు మాత్రం పట్టింది.

మీ నానమ్మకి చెప్పలేదు. సముద్రం బాగా వెనక్కి తీయడం లేదని అబద్ధం చెప్పాను. రేపు కూడా అదే చెబుతాను.

నువ్వు పనిచేసేది వాళ్ళ ఆఫీసులోనే కదా. మనింటి పిల్ల అక్కడుందిలే అని ధైర్యంగా ఉన్నాను. ఏం చేశావక్కడ? ఎవరి కోసం కూర్చున్నావు?

మత్రోనా


పట్నం,
మార్చి 28

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి కూడా కోపమే.

కంచె కట్టినా అలలు పెద్దవైతే నూనె దాని కిందనుంచి దూరుతుంది. వంకర నోట్లో అలాగే దూరి ఉంటుంది. కాపాడలేకపోయాం, దానికి ఎంత మాటన్నా పడతాను. కానీ నేను బంగళావాళ్ళ కోసం కూర్చున్నాననడానికి నీకు నోరెలా వచ్చింది? అక్కడ బురద తప్ప ఏముందని రాశావు. నూనె వచ్చాక బురదే మిగిలింది కాబోలు. అంతకుముందు ఏముందో నువ్వే చెప్పావు కదా. ఆ రోజు కాగితం నకలు దీనితో పంపుతున్నాను. "మీ కుటుంబం ఎక్కడ ఏరుకుంటుంది?" అని ప్రశ్న. "వంకర నోరు" అని జవాబు. కింద నీ సంతకం.

ఆ పేరులేని గండి కోసం పోట్లాడిన పక్షుల శాఖ ఆయన ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. అక్కడ చచ్చిన ఆల్చిప్పలు మోకాలెత్తు కుప్పలుగా ఉన్నాయని రాసుకొచ్చాడు. అంత గొప్ప చోటుని వదిలేశామన్నాడు. పోనీలే, అది ఎవరి చోటూ కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మన చోటు కోసం నేను అంత పని చేశానత్తా.

నానమ్మ ఏం తింటోంది? తీరం మీది వస్తువేదీ పెట్టొద్దు. ఏది తినొచ్చో వాసన చూసి చెప్పేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళు సరేనన్న తర్వాతే.

లుకేరియా


సిత్నాక్,
ఏప్రిల్ 8

లూషాకి,

రెండు ఉత్తరాలూ ఒకే విమానంలో వచ్చాయి. జవాబు రాయడానికి తీరిక లేకపోయింది.

ఊరు నిండా పసుపు చొక్కాలే. గొట్టాలు పెట్టి రాళ్ళ మీద వేణ్ణీళ్ళు కొడుతున్నారు. నూనెకి చావనివి వేణ్ణీళ్ళకి చచ్చాయి. ఆ మాట వాళ్ళ మేస్త్రీకి చెబితే "అమ్మా, మాకిచ్చిన కాగితంలో కడగమనే ఉంది" అన్నాడు. మంచివాడే పాపం, టీ ఇచ్చాను.

వాసన చూసేవాళ్ళు నలుగురొచ్చారు. ఆల్చిప్పలు ఉడికించి ముక్కు దగ్గర పెట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం, రాసుకోవడం. మీ నానమ్మని అడిగితే సరిపోయేది, అవి గుమ్మంలో ఉండగానే చెప్పేస్తుంది.

మీ వాళ్ళు డబ్బాల్లో ఆల్చిప్పలు పంపారు. ఉడికించి గిన్నెలో పోసి వెనకింటివేనని చెప్పాను. ఒకటి నోట్లో పెట్టుకుని తీసేసింది. "ఇది సముద్రం మొహం ఎప్పుడూ చూడలేదు" అంది. రొట్టె, టీ, అంతే. చెయ్యి పట్టుకుంటే ఎముకలు లెక్కపెట్టొచ్చు.

ఆ కాగితం నకలు పొయ్యి రాజేసేటప్పుడు పొరపాటున అందులో పడింది. మళ్ళీ పంపనక్కర్లేదు.

నువ్వు అది రాసుకున్న రోజు వంటింట్లో ఎవరెవరున్నారో నీకు గుర్తుందా?

అత్త


పట్నం,
ఏప్రిల్ 15

అత్తా,

గుర్తుంది. నువ్వూ, నేనూ, గ్రీర్ గారూ, బల్ల మీద ఆయన టేపు రికార్డరూ. స్టెపనీదా పిన్ని కూడా ఉంది. రొట్టె ఇవ్వడానికొచ్చి, ఇచ్చాక కూడా కదల్లేదు. నేను అడగ్గానే నువ్వు కిటికీ వైపు గడ్డం ఎత్తి "అదిగో, వంకర నోట్లో" అన్నావు. అంత తేలిగ్గా అన్నావు. నేను రాసుకున్నాను.

నిన్న నీ ఉత్తరం చదివాక ఆలోచించాను. కడుపున పుట్టిన పిల్లకైనా పన్నెండు నిండేదాకా చెప్పని చోటు, ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవని చోటు, స్టెపనీదా పిన్ని కూర్చుని ఉండగా టేపు రికార్డరులోకి చెబుతావా నువ్వు? తొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో పెరిగినదాన్ని, నాకైనా తట్టాలి కదా. బకెట్ మీద నాచు కప్పుకుని వచ్చే మనుషుల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళి, వాళ్ళు చెప్పిందంతా నిజమని మ్యాపు మీద ఎర్ర రంగు వేశాను.

నన్ను మ్యాపు బల్ల దగ్గర్నుంచి తీసేశారు. కాగితాలు దొంతర్లు పెట్టే పని ఇచ్చారు. దాని గురించి బాధ లేదు.

ఒక్కటి చెప్పు. వెనకిల్లంటే ఆ పేరులేని గండేనా?

లూషా


సిత్నాక్,
ఏప్రిల్ 20, మట్టల ఆదివారం

లూషా,

అదే.

ఆ రెండక్షరాలు రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టేశాను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను.

ఆ రోజు నీకు చెప్పాలనే ఉంది. సాయంత్రం ఆవిరి స్నానాల గదిలో మనిద్దరమే ఉన్నప్పుడు చెవిలో చెబుదామనుకున్నాను. ఈలోగా మబ్బు పడుతోందని విమానంవాడు తొందరపెట్టి మిమ్మల్ని తీసుకెళ్ళిపోయాడు. తర్వాత ఉత్తరంలో రాద్దామనుకున్నాను. చోటుని కాగితం మీద పెట్టకూడదు కదా అని ఆగాను. ఆ తర్వాత మరిచిపోయాను. మీ కాగితం ఎక్కడో బీరువాలో మగ్గుతుందనుకున్నానే గానీ, ఒకరోజు అది చూసి కంచె కడతారని నేనేం కలగన్నాను?

నిజం ఇంకొంచెం ఉంది. నువ్వు ఆ రోజు మెడలో ఆఫీసు బిళ్ళ వేసుకుని, దొర పక్కన కూర్చుని, నన్ను "మీ కుటుంబం" అన్నావు. మన అనలేదు. నాకు చురుక్కుమంది. కొంత అందుకు కూడా చెప్పలేదు.

నూనె వచ్చిన రోజున నీ మీద అన్ని మాటలు రాశాను. వారం తిరిగాక నీ ఉత్తరాలొచ్చాయి. నువ్వు ఇరవై మంది ఎదుట లేచి నిలబడి నా అబద్ధం కోసం పోట్లాడావని చదివాను. ఆ రోజు మొదలు పొయ్యి ముందు కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

మీ నానమ్మకి నిన్న అంతా చెప్పేశాను. నూనె సంగతి ఆవిడకి ముందే తెలుసు, గాలిలో వాసనొచ్చిన రోజే. తెలియనిది కంచె సంగతి. అది చెప్పాను. టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత అంది:

"దాచమన్నాను. స్టెపనీదా దగ్గర దాచమన్నాను. పిల్ల దగ్గర కూడా దాచమన్నానటే?"

"దొర ఉన్నాడమ్మా" అన్నాను.

"దొరని టీ తాగమని బయటికి పంపలేకపోయావా? రష్యావాళ్ళు మనల్ని ఏలిన రోజుల్నుంచి దొరల్ని టీకి పంపించే కదా మనం బతికింది" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇవాళ చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు బకెట్ ఉంది. పైన నాచు. కింద బతికున్న ఆల్చిప్పలు, శుభ్రమైనవి, తీరం అవతలి వైపు ఎక్కడివో. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు, స్టెపనీదా చెప్పులు మాత్రం తడిగా ఉన్నాయి. వాసన చూసేవాళ్ళ కోసం ఆగకుండా ఉడికించాను, తిట్టుకుంటే తిట్టుకో. మీ నానమ్మ రెండు తింది. "మనవి కావు, అయినా బాగున్నాయి" అంది.

రాగలిగితే రా.

అత్త


పట్నం,
మే 1

అత్తా,

నానమ్మ ఈస్టర్ నాడు మధ్యాహ్నం పోయిందని ఫోనులో చెప్పారు. ఆ రోజు పోయినవాళ్ళకి స్వర్గం తలుపులు తీసే ఉంటాయని ఆవిడే అనేది. ఆవిడ కోరుకున్న రోజే దొరికింది.

పొగమంచు మూడు రోజులు విమానాన్ని కదలనివ్వలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని విమానాశ్రయంలోనే కూర్చున్నాను. మీరు మట్టి చేసేసిన తర్వాత మంచు విడిచింది. అప్పుడు రాబుద్ధి కాలేదు. ఇంటికొచ్చేశాను.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నా మీద కూడా ఉంది. ఒకసారి నీ మీదికి, ఒకసారి నా మీదికి పోతోంది. నేను లేచి నిలబడకపోతే వెనకిల్లు బతికేది. ఆ ఒక్క రోజు నేను ఆఫీసుకి వెళ్ళకపోయినా బతికేది.

ఇంకో సంగతి. దొంతర్లు పెడుతూ సిత్నాక్ కాగితాలన్నీ తీసి చూశాను. మీ ఊరి నుంచి ఎర్ర రంగు చోట్లు ఏడున్నాయి. శుభ్రం చేసేవాళ్ళు ఒక్కో చోటూ చూసి పంపిన రిపోర్టులు పక్కన పెట్టుకున్నాను. ఏడూ బురదేనత్తా. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. ఊరు ఊరంతా నాకు అబద్ధం చెప్పింది. నవ్వొచ్చింది. గ్రీర్ గారు వచ్చి ఎందుకేడుస్తున్నావని అడిగారు.

మ్యాపు మళ్ళీ గీయాలట. ఇంకెవరినైనా పంపుతామన్నారు. ఎవరిని పంపినా మీరు వాళ్ళకి టీ ఇచ్చి బురదే చూపిస్తారని చెప్పాను.

లూషా


సిత్నాక్,
మే 6

లూషా తల్లికి,

కోపం ఉందని రాశావు, మంచిదైంది. లేదని రాసి ఉంటే నమ్మేదాన్ని కాదు.

నిన్న మీ నానమ్మకి తొమ్మిదో రోజు. ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. తీపి అన్నం తిన్నాక నీ ఉత్తరం చదివి వినిపించాను, ఏడూ బురదేనన్న చోటు. గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. స్టెపనీదా ముందు నవ్వింది. "నేను కాకుల గుట్ట అని చెప్పాను, అక్కడ కాకి కూడా వాలదు" అంది. తర్వాత అందరం నవ్వాం. తర్వాత ఏడ్చాం. ఆ ఏడ్పు మీ నానమ్మ కోసం ఎంతో, మా కోసం ఎంతో చెప్పలేను.

చేపలు పట్టేవాళ్ళ మ్యాపు ఒకటి ఇంట్లో ఉంటే బల్ల మీద పరిచాను. పెన్సిలు పెట్టి నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. ఒక్కొక్కళ్ళే వచ్చి, పక్కవాళ్ళకి కనపడకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని గుర్తు వేశారు. స్టెపనీదా అయితే తన శాలువా కూడా కప్పింది. అందరూ వేశాక ఇటు తిరిగి మ్యాపు చూస్తే అందరివీ అందరికీ కనిపించాయి. ఆల్చిప్పల బకెట్ ఎక్కడిదో నాకప్పుడు తెలిసింది.

ఆ మ్యాపు ఇందులో మడిచి పెట్టాను. చోటు రాసిన కాగితం చదవగానే కాల్చెయ్యాలని మీ నానమ్మ చెప్పేది. నువ్వు కాల్చకు. తీసుకెళ్ళి గోడకి పెట్టు. మా చేత్తో వేసినవి ఇవి, ఈసారి నిజమైనవి. గ్రీర్ గారికి చెప్పు, ఇంకెవరినీ పంపక్కర్లేదని. వేసవికి నువ్వే రా, మిగతావి ఆవిరి గదిలో చెబుతాను.

ఏడో గుర్తు నాది. వెనకిల్లు. నిన్న కూడా వెళ్ళొచ్చాను, పావడా తడవలేదు. ఎన్నేళ్ళకి మళ్ళీ చిమ్ముతాయో, నేను చూస్తానో లేదో తెలియదు. ఇప్పుడక్కడ కాపాడడానికి ఏమీ లేదు. అయినా నువ్వు ఎర్ర రంగే వెయ్యి.

మీ అత్త,
మత్రోనా